గండయ్య అలవాటు

చిలుకానగర్, ఉప్పల్
3 ఆగస్టు 2011

చిన్నాయనకు పద్మశ్రీ నమస్కారం.

ఈ నెల ఇరవై ఐదులోపు నా నవలలో ఒక మనిషి అలవాటును యాభై చోట్ల కొట్టేయాలి. ఏవి కొట్టేయాలో, ఏవి ఉంచాలో నాకు తెలియడం లేదు. ఆ మనిషి మా నాయన. ఆయనను చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళలో ఇప్పుడు నువ్వొక్కడివే మిగిలావు. అందుకే రాస్తున్నాను. ఫోను చేద్దామంటే కరెంటు మగ్గాల, ఆ సాంచాల మోతకు నీ చెవులు పోయాయని, ఏం అడిగినా ‘ఆ, మంచిగున్న’ అనే చెబుతావని అమ్మ అన్నది. నీ ఉత్తరాలు చదివిపెట్టే వెంకటరామయ్య సారుకు ఈ శ్రమ ఇస్తున్నందుకు క్షమించమని చెప్పు.

నవల అంటే పెద్దదేమీ కాదు, నూట నలభై పేజీలు. నాయన పోయిన నెలకు మొదలుపెట్టాను. అంతకు ముందు మూడు నెలలు నాచారంలో డ్యూటీ దిగి నేరుగా దవాఖానాకు వెళ్ళి, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడ కూర్చునేదాన్ని. ఆయన పోయాక ఆ మూడు గంటలు మిగిలాయి. పన్నెండో రోజే డ్యూటీలో చేరాను. మందుల పెట్టెల మీద బ్యాచి నంబర్లు సరిచూసి రిజిస్టరులో ఎక్కించడం నా పని, అందులో తప్పులు కూడా రాలేదు. ఏడుపు రాలేదు. పదకొండో రోజున నువ్వు వచ్చావు కదా, చూసే ఉంటావు.

నవలలో నాయన పేరు గండయ్య. ఊర్లో మగ్గం వదిలి పట్నం వచ్చి సీసాల కార్ఖానాలో పనికి కుదిరిన మనిషి. ఆయనకు ఒక అలవాటు. ఎవరి ఒంటి మీదైనా బట్ట కనబడితే దాని అంచును రెండు వేళ్ళ మధ్య పట్టి, పోగు తెలిసేలా రుద్దుతాడు. ఏమీ అనడు, వదిలేస్తాడు. నాకు బాగా గుర్తున్నది అదే. బడికి తీసుకుపోతూ నా నీలం గౌను అంచు అట్లా పట్టి చూసిన చేయి. నవలలో ఆయన సూపర్‌వైజరు చొక్కా పడతాడు, కండక్టరు ఖాకీ పడతాడు, కిటికీ పరదా పడతాడు, పెళ్ళిలో శామియానా కూడా పడతాడు.

అంబర్‌పేట్‌లో శారదమ్మగారని, ఆడవాళ్ళ మాసపత్రిక నడుపుతారు. ఏడాదికి రెండు చిన్న పుస్తకాలు వేస్తారు. నాది వేస్తామన్నారు. పోయిన ఆదివారం రాతప్రతి తెచ్చి నా ముందు పెట్టారు. ఆ అలవాటు వచ్చిన చోటల్లా ఎర్ర సున్నాలు, యాభై మూడు.

“ఇగో పద్మా, అలవాటు పెట్టేది మనిషిని గుర్తుపట్టనీకి. మొదటిసారి చదివితె మనిషి కనబడ్డడు. రెండోసారి నవ్వొచ్చింది. అయిదోసారికి మనిషి పోయిండు, ఆయన వెనక పెన్ను పట్టుకొని నిలబడ్డ నువ్వు కనబడ్డవ్” అన్నారు.

వాళ్ళ ప్రెస్సులో అచ్చయిన ఫారాలు మడతపెట్టే సత్తమ్మ అనే ఆమె ఉంటుంది. ఆమెకు చదువు రాదు. చదివి వినిపిస్తే వింటుంది. “గీయనకు వేరే పనే లేదా అమ్మా? కొంగు కనవడితె పట్టుడేనా?” అని నవ్వింది.

“మూడు ఉంచు. ఆ మూడు కూడ ఊరికె కాదు. ఆ అలవాటుతోని ఆయనకేమన్న అయ్యేకాడనే ఉంచు” అన్నారు శారదమ్మగారు.

నాయనకు ఆ అలవాటు వల్ల ఏమైంది? నాకు తెలియదు. ఏదైనా అయి ఉంటే నువ్వు చెప్పాలి. ఒక పదిహేను పేజీలు జెరాక్సు తీసి పంపుతున్నాను. వీటిలో నిజంగా నాయన లాగ ఉన్నవేవో చెప్పు. అవే ఉంచుతాను.

అమ్మ బాగున్నది. మోకాళ్ళ నొప్పి అట్లాగే ఉన్నది.

నీ బిడ్డ
పద్మశ్రీ


పద్మనగర్, భీవండి
12 ఆగస్టు 2011

బిడ్డ పద్మశ్రీకి మీ చిన్నాయిన బాలరాజు చెప్పి రాయిస్తున్న ఉత్తరం. నేను చెప్పింది చెప్పినట్టె రాయమని సారుకు ముందే చెప్పిన. సారు నడుమ నడుమ తన మాటలు గలుపుతడు. గిది కూడ రాయి సారూ, నవ్వకు.

ఇక్కడ వానలు మస్తుగున్నయ్. కరెంటు లేక నిన్న సాంచాలు బంద్. గందుకే రూముల అందరం ఉన్నం, ఎనిమిది మందిమి. సారు నీ కాయితాలు పెద్దగ చదివిండు. గండయ్య శామియానా గుడ్డ వట్టి సూసే కాడ పోరగాండ్లు కిందమీద వడి నవ్విన్రు. కనకయ్య అనేటోడు నా దిక్కు సూసి, “మామా, నీ బిడ్డ మస్తు రాసింది, ఇగ నీకు పట్నంల దండలు పడ్తయ్” అన్నడు. నోరు మూస్కోమన్న.

బిడ్డా, నువ్వు అడిగినవ్ గని, నేను చదువులేనోన్ని, నవలకేంది ఉండాలె ఏంది ఉండద్దు నాకేం ఎరుక. మీ నాయిన గట్లనే ఉంటుండె. బట్ట కనవడితె అంచు వట్టెటోడు. సాలెపోడంటె గంతె గదా. నువ్వు రాసిందంత నిజమే. ఏదీ తీసెయ్యకు. ఆయమ్మకు చెప్పు, మా చిన్నాయిన చెప్పిండని.

ఆ అలవాటుతోని ఆయినకు ఏం కాలే.

వదినను మోకాళ్ళకు నువ్వుల నూనె రాయమను. జర పైలం.

బాలరాజు

(పద్మశ్రీకి వెంకటరామయ్య ఆశీస్సులు. ముప్పై ఏళ్ళు ఇక్కడి తెలుగు బడిలో పాఠం చెప్పాను. మగ్గం మనిషిని ఇంత చక్కగా పట్టుకున్న రచన చూడలేదు. యాభై మూడు ఎక్కువని ఎవరన్నారు? ఇంకో నాలుగు చేర్చినా తప్పు లేదు. బాలరాజు వింటున్నంత సేపూ తల ఎత్తలేదు, అంతగా కదిలిపోయాడు. – వె.రా.)


చిలుకానగర్
22 ఆగస్టు 2011

చిన్నాయనా,

నీ ఉత్తరం తీసుకుని నేరుగా అంబర్‌పేట్ వెళ్ళాను. శారదమ్మగారికి చూపించాను. “మీ చిన్నాయన చెప్పింది నిజం కావచ్చు. నిజమైనంత మాత్రాన యాభై మూడు సార్లు చెప్పాల్నా? నిజంగ ఆయన రోజుకు నాలుగుసార్లు అన్నం గూడ తిన్నడు గద, రాసినవా?” అన్నారు. అయినా సెప్టెంబరు ఆఖరు దాకా గడువిచ్చారు.

ఇరవై ఉంచాను. మిగతావి కొట్టేశాను. కొట్టేసినచోట ఏం రాయాలో తెలియక, చాలాచోట్ల ‘గండయ్య ఏమీ అనలేదు’ అని రాశాను.

సారు చెప్పినట్టు ఒకటి కొత్తగా చేర్చాను కూడా. చివరి అధ్యాయం దవాఖానాలో జరుగుతుంది. గండయ్యకు మాట పడిపోయింది. కూతురు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటుంది. ఆయన చేయి మెల్లగా దుప్పటి అంచు దాకా వెళ్ళి, రెండు వేళ్ళతో పట్టి రుద్దుతుంది. మిల్లు బట్ట అని తెలిసినట్టు వదిలేస్తుంది. నవల అక్కడ అయిపోతుంది.

నీకు నిజం చెప్పాలి. నాయన చేతులు దవాఖానాలో కదలలేదు. మూడు నెలలూ నేను ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. కుడిచేతికి సూది, ఎడమచేయి కడుపు మీద. అవి ఏమైనా చేస్తాయేమోనని చూశాను. ఏమీ చేయలేదు. కానీ నువ్వు ‘గట్లనే ఉంటుండె’ అన్నాక, చేతనైతే ఆయన అదే చేసి ఉండేవాడని రాశాను. రాస్తుంటే బాధ కలగలేదు. వాక్యం సరిగా వచ్చిందా లేదా అని మాత్రం చూసుకున్నాను. ఇది తప్పేమో నాకు తెలియదు.

ఆ అలవాటు నాయనకు తాత నుంచి వచ్చిందా? నాయన మగ్గం మీద ఎన్నేళ్ళు కూర్చున్నాడు? ఇది కూడా రాయించు.

పద్మశ్రీ


పద్మనగర్
2 సెప్టెంబరు 2011

బిడ్డా,

తీసెయ్యి. అంగి వట్టేది, కొంగు వట్టేది, దవాఖానాల దుప్పటి వట్టేది, అన్ని తీసెయ్యి. ఒక్కటి గూడ ఉంచకు. మీ నాయిన మంచోడు. గంతె రాయి.

బాలరాజు

(అమ్మా, ఇంతకు మించి చెప్పలేదు. ఎందుకని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడిగేసరికి చొక్కా వేసుకుని సాంచాల దగ్గరికి వెళ్ళిపోయాడు. దవాఖానా అధ్యాయం నాకైతే కళ్ళనీళ్ళు తెప్పించింది. ఆయన మాట పట్టించుకోవద్దనే నా సలహా. – వె.రా.)


చిలుకానగర్
27 సెప్టెంబరు 2011

చిన్నాయనకు,

నీ చీటీ అందింది. జవాబు వెంటనే రాయలేదు. కోపం వచ్చిందనుకున్నాను. తరువాత చూసుకుంటే కోపం కూడా కాదు. చదివి, మడిచి, రిజిస్టరులో పెట్టి పని చేసుకున్నాను.

ఇక్కడ సమ్మె నడుస్తున్నది. బస్సులు లేవు. పొద్దున ఉప్పల్ నుంచి నాచారం నడిచి పోతున్నాను, సాయంత్రం నడిచి వస్తున్నాను. శారదమ్మగారి ప్రెస్సు కూడా బంద్. గడువు నవంబరుకు పోయింది.

నువ్వు ఎందుకు తీసెయ్యమన్నావో నేను ఒక కారణం అనుకున్నాను. కార్ఖానాలో పని చేసిన అన్నను సాలెపోడిగా చూపిస్తున్నానని నీకు నామోషీ అనుకున్నాను. చదువుకున్న బిడ్డ ఇంటి గుట్టు బజారున పెడుతున్నదని అనుకున్నావేమో అనుకున్నాను. నీకు అట్లా జవాబు రాసి కవరులో పెట్టాను కూడా. ఆ రోజు పోస్టు చేయలేదు, మంచిదయింది.

మొన్న ఆదివారం అమ్మకు నవల చదివి వినిపించాను. ఇన్ని రోజులూ ఆమె అడగలేదు, నేను చదవలేదు. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నది. మూడో పేజీలో గౌను అంచు పట్టుకునే చోటికి వచ్చాను.

“గదెవ్వరు?” అన్నది.

“నాయన.”

“మీ నాయిన గాదు.”

“మరెవరు?”

“మీ చిన్నాయిన. నిన్ను బడికి తోల్కపోయింది ఆయినే గదా. మీ నాయిన ఎప్పుడు తోల్కపోయిండే? రాత్రి డ్యూటీ జేసొచ్చి పండుకునేటోడు.”

“చిన్నాయన మనతో ఎన్నేళ్ళు ఉన్నాడు?”

“నాలుగేండ్లు ఉన్నడు. నీకు తొమ్మిదేండ్లు ఉన్నప్పుడు పోయిండు.”

“ఎందుకు పోయాడు?”

“పనికి.” చిక్కుడుకాయల గిన్నె తీసుకుని లేచింది. “స్టవ్ మీద అన్నముంది.”

అన్నం అప్పటికే వార్చి ఉన్నది.

చిన్నాయనా, నువ్వు మా ఇంట్లో ఉన్న సంగతి నాకు తెలియకపోలేదు. కానీ బడి దారిలో ఉన్న చేయి నీదని తెలియదు. ఆ చేయి తీసేస్తే నాయన గురించి నా దగ్గర ఏమున్నదని ఆదివారం నుంచి వెతుకుతున్నాను. గోడ వైపు తిరిగి పండుకున్న వీపు ఉన్నది. దవాఖానాలో కదలని చేతులు ఉన్నాయి. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం.

నూట నలభై పేజీలు నాయన గురించి అనుకుని రాశాను. ఇప్పుడు ఆ పుస్తకంలో నాయన లేడు. నాకు రెండు ప్రశ్నలే. ఆయన అలవాటు కాదని తెలిసీ, మొదటి ఉత్తరంలో ఆయనదే అని ఎందుకు చెప్పావు? నాయనకు సొంతంగా ఏ అలవాటు ఉండేది? చిన్నదైనా సరే, ఒక్కటి చెప్పు. లేకపోతే ఈ పుస్తకం నేను వేయించను.

పద్మశ్రీ


పద్మనగర్
11 అక్టోబరు 2011

బిడ్డ పద్మశ్రీకి,

గీ ఉత్తరం మూడు దినాలు కూసొని రాయించిన. రూముల ఎవ్వరికి తెల్వకుండ సారు ఇంటికి వొయి చెప్పిన. సారుకు గీ ముచ్చట చెప్పద్దనే పోయినసారి లేచి పోయిన. ఇప్పుడు చెప్పక తప్పదాయె. నీకు చెప్పాలంటె ఆయినకు చెప్పాలె, నాకు రాయరాదు గదా.

మొదటి దానికి జవాబు. నువ్వు తండ్రి లేని పిల్లవై, తండ్రిది ఒక్క ముక్క ఉంటె చెప్పమని అడిగినవ్. లేదు బిడ్డా, గది నాది అని ఎట్ల చెప్పాలె? నాది తీసి మా అన్నకిచ్చిన. ఇస్తె నాకేం తక్కువైతది అనుకున్న. పోరగాండ్లు నన్ను సూసి నవ్వుతుంటె గూడ ఊకున్న. గని నువ్వు దవాఖానాల ఆయిన చేతికి గది వెట్టినవ్. అప్పుడు నాకు సైసలేదు, మనసు ఒప్పలే. ఎందుకో చెప్త.

తొంభై ఆరుల, దసరా ముందర. ఉప్పల్ బస్టాపుల నిలబడ్డ. నా ముందు ఒకామె నిలబడ్డది. ఆమె కట్టిన చీర సూసిన. మా ఊరి నేత. మా నాయిన, అంటె మీ తాత, అప్పటికి పోయి రెండేండ్లు. మా నాయినకు ఎడమ చెయ్యి జర వంకర. గందుకె ఆయిన నేసిన చీరలకు అంచుల అక్కడక్కడ ఒక పోగు జంటగ వడేది. కంటికి కనవడది. వేళ్ళకు తెలుస్తది. సేటు ఎన్నిసార్లు తిట్టినా ఆ జంట పోగు పోలేదు.

ఆమె కొంగు గాలికి నా దిక్కొచ్చింది. పట్టి సూసిన. ఉన్నది బిడ్డా. జంట పోగు ఉన్నది. మా నాయిన నేసిందే.

“అమ్మా, గీ చీర” అన్న. గంతవరకె అన్న. చెంప పగిలింది. ఆమె మొత్తుకున్నది. బస్టాపంత మీద వడ్డది. ఆమెది తప్పు గాదు. తెల్వనోడు కొంగు వడితె ఏ ఆడిది ఊకుంటది? ఠాణాల కూసోవెట్టిన్రు. అన్నకు కబురు వొయింది. డ్యూటీ బట్టల మీదనే వచ్చిండు. ఆమెకు దండం వెట్టిండు, ఆమె పెనిమిటికి వెట్టిండు, జమాదారుకు వెట్టిండు. గంత దండాలు వెట్టంగ మా అన్నను ఎన్నడు సూడలే.

ఇంటికి నడిసొస్తుంటె చెప్పిన. “అన్నా, గది నాయిన నేసిన చీర. జంట పోగు తాకింది” అన్న. ఆయిన ఇల్లొచ్చినంక, “భీవండి పో” అన్నడు. “ఆడ అందరు గట్లనే ఉంటరు, నువ్వు గూడ కల్సిపోతవ్” అన్నడు. నిజమే, ఇక్కడ ఎవ్వని అంగి ఎవ్వడన్న వట్టి సూస్తడు. అడిగేటోడు లేడు.

మూడోనాడు నాంపల్లి టేషన్‌కు తోలనీకి వచ్చిండు. బండి కదిలే ముందర కిటికీల నుంచి చెయ్యి వెట్టి నా అంగి అంచు వట్టిండు. రెండు వేళ్ళతోని, పోగు సూసినట్టు. ఆయిన పన్నెండేండ్లకే మగ్గం మీంచి లేచిపోయినోడు. బట్ట అంటె ఆయినకు కిట్టదు. నేను అంగి వడితె చేతి మీద కొట్టేటోడు. గసుంటోడు వట్టిండు.

నన్ను నమ్మి వట్టిండా? గిట్ల జేస్తివి గదరా అని వట్టిండా? బండి కదిలింది. పదిహేనేండ్లాయె. ఫోన్ల ఎన్నడడగలే. ఇగ అడగనీకి ఆయిన లేడు.

రెండో దానికి జవాబు. మా అన్నకు అలవాటనేది లేదు బిడ్డా. బీడీ లేదు, ఈల లేదు, ఊత పదం గూడ లేదు. మూడు దినాలు యాది జేసిన, దొరకలే. గట్ల ఏ గుర్తు లేనోళ్ళు మస్తు మంది ఉంటరు. ఆళ్ళ మీద రాయరాదా? నాకు తెల్వక అడుగుతున్న.

బాలరాజు

(ఈసారి నేను ఒక్క మాట కూడా కలపలేదు. ఇంకో నాలుగు చేర్చమని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. రైళ్ళు సరిగా లేవంటున్నారు, ఇది ఎప్పుడు చేరుతుందో. – వె.రా.)


చిలుకానగర్, ఉప్పల్
29 అక్టోబరు 2011

చిన్నాయనకు పద్మశ్రీ నమస్కారం.

నీ ఉత్తరం పంతొమ్మిదిన వచ్చింది. సమ్మె ఆపేశారు, బస్సులు తిరుగుతున్నాయి. నేను మాత్రం ఇంకా నడిచే పోతున్నాను. అలవాటయింది.

ముందు అమ్మ సంగతి. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. వద్దనలేదు. అయిపోయాక అడిగాను, “నాయన నమ్మాడా?” అని.

“నాకు చెప్పలే.”

“నువ్వు అడగలేదా?”

“ఆ ముచ్చట ఇంట్ల ఎత్తద్దన్నడు. ఎత్తలే.” మోకాలు రుద్దుకుంటూ, “బాలరాజు గసుంటోడు గాదని నాకెరుకె. గని నన్నెవరడిగిన్రు?” అన్నది.

నీకు చెప్పమనలేదు. నేనే చెబుతున్నాను.

నవల మళ్ళీ రాశాను. నాలుగు రోజులు సెలవు పెట్టి రాశాను. గండయ్య చేతిలోంచి అన్ని బట్టలూ తీసేశాను. ఇరవై కాదు, అన్నీ. దవాఖానాలో ఆయన చేతులు కదలవు. కూతురు చూస్తూ కూర్చుంటుంది, అంతే. మొదట భయపడ్డాను, అలవాటు తీసేస్తే పేజీ మీద మనిషి మిగలడని. మిగిలాడు. ఏ గుర్తూ లేని మనిషి ఇంట్లోకి వస్తాడు, పండుకుంటాడు, పోతాడు. రాస్తుంటే దవాఖానాలో స్టూలు మీద కూర్చున్నట్టే ఉన్నది.

గండయ్యకు ఒక తమ్ముణ్ణి పెట్టాను. పేరు లింగయ్య. బట్ట పట్టే అలవాటు అతనిది. యాభై సార్లు పట్టడు. బడి దారిలో పిల్ల గౌను ఒకసారి, బస్టాపులో చీర కొంగు ఒకసారి. తరువాత రైల్వేస్టేషన్లో గండయ్య తమ్ముడి చొక్కా అంచు పడతాడు. పుస్తకం మొత్తంలో గండయ్య పట్టేది ఆ ఒక్కసారే. ఎందుకు పట్టాడో నేను రాయలేదు. నాకు తెలియదు కాబట్టి రాయలేదు.

శారదమ్మగారు చదివి ఎర్ర పెన్ను మూత పెట్టేశారు. సత్తమ్మ, “ఇంతకీ తమ్ముణ్ణి నమ్మిండా లేదా అమ్మా?” అని అడిగింది. “రాసినామెకే తెల్వదట” అన్నారు శారదమ్మగారు. సత్తమ్మ నా వైపు చూసి, “తెల్వకుంటె కనుక్కొని రాయాలె గాని” అన్నది. ఫారాలు మడతపెడుతూ మళ్ళీ, “ఎవల్ని కనుక్కుంటది పాపం” అని తనే అన్నది.

ఇప్పుడు నీతో పని. బస్టాపు అధ్యాయం లేకపోతే స్టేషను అధ్యాయం ఎవరికీ అర్థం కాదు. రెండూ ఉండాలి, లేదా రెండూ పోవాలి. నీ పేరు లేదు, ఊరి పేరు మార్చాను, సంవత్సరం మార్చాను. అయినా నిన్ను ఎరిగినవాళ్ళు నిన్ను గుర్తుపడతారు. మొదటి పదిహేను పేజీలకే మీ రూము గుర్తుపట్టింది కదా. నువ్వు పట్నం ఎందుకు వదిలావో సారుకు ఇప్పుడు తెలుసు, రూములో మిగిలిన ఏడుగురికి తెలియదు. పుస్తకం పద్మనగర్ చేరిన రోజు వాళ్ళకూ తెలుస్తుంది. పదిహేనేళ్ళు ఎవరూ అడగని చోట నిన్ను అడుగుతారు. కనకయ్య లాంటివాళ్ళు నవ్వవచ్చు. నవ్వితే నేను అక్కడ ఉండను. ఇది తెలిసి కూడా అడుగుతున్నాను.

అచ్చు వేయనిస్తే గండయ్య ఒక్కసారైనా చేయి చాపిన మనిషిగా పుస్తకంలో ఉంటాడు. వద్దంటే రెండు అధ్యాయాలూ తీసేస్తాను, ఆయన ఏమీ చేయని మనిషిగానే ఉంటాడు. అట్లా అయినా పుస్తకం వేయిస్తాను, మానను. పోయినసారి మానేస్తానని బెదిరించినట్టు రాశాను. అది తప్పు.

నాకు మేలు చేయాలని మాత్రం సరే అనకు. మొదటిసారి అట్లాగే నీది తీసి ఇచ్చావు. ఈసారి నీకేం కావాలో అది చెప్పు. కారణం రాయించనక్కరలేదు. సారు చేత ‘వేయి’ అనో ‘వద్దు’ అనో ఒక్క మాట కార్డు మీద రాయించి పంపు, చాలు.

పన్నెండో తారీకు శనివారం శారదమ్మగారు పుస్తకం అచ్చుకు పంపుతారు. నీ జవాబు నవంబరు పది, గురువారంలోపు నాకు అందాలి. ఆ రోజు పోస్టుమాన్ వచ్చి వెళ్ళేదాకా ఇంట్లోనే ఉంటాను. అప్పటికి ఏమీ రాకపోతే, సరే అన్నావని నాకు నచ్చినట్టు అనుకోను. వద్దన్నావనే తీసుకుని ఆ రెండు అధ్యాయాలూ నా చేతులతోనే తీసేస్తాను. పదో తారీకులోపు రాయించు.

పద్మశ్రీ